సైకిలును నడుమునొప్పియు

గత మాసమున జమ్మలమడుగు చేరువ పల్లెనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. వారి కొమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. బడి ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరము. అన్న కడపలో కాలేజీలో చేరినాడు గావున అతడు వదలిపోయిన గేరు సైకిలుపై ఆ బాలిక ప్రతిదినమును బడికి పోయి వచ్చుచున్నది. రెండు నెలలుగా రాత్రివేళ నడుమునొప్పి యని ఏడ్చుచున్నదట. ఇంటిలో జేజి "ఆడపిల్లకు సైకిలేంటికని నేను మొదుట్నే చెప్తి" అనుచున్నారట. తండ్రి సైకిలు మాన్పించెదనని నిశ్చయించుకొన్నాడు. బస్సు బడివేళకు రాదు. సైకిలు మానినచో బడియు మానినట్లే. "మీరొక మాట వ్రాసినచో మావారు విందురు" అని ఆ తల్లి జాబు ముగించినారు.

ఇది ఒక యింటి కష్టము మాత్రమే కాదు. ప్రొద్దుటూరునుండియు, పులివెందులనుండియు ఇట్టి ప్రశ్నలే మాకు వచ్చియున్నవి. కావున ఈ మాసము వంటింటి విషయములను ప్రక్కన బెట్టి సైకిలు విషయము వ్రాయుచున్నాము. సైకిలు తమకు సంబంధించినది కాదనుకొను సోదరీమణులు గూడ ఒకమారు చదువ ప్రార్థన. ఇంటిలో ఎవరి సైకిలు ఉంచవలెనో, ఎవరి సైకిలు అమ్మవలెనో తేల్చు మాట పెక్కుచోట్ల మీదియే గదా!

మొదట ఆ బండి యెట్టిదో తెలిసికొనవలెను. మన ఊళ్ళలో గేరు సైకిలనియు, రేంజరు సైకిలనియు పిలుచు ఈ బండికి టైర్లు లావు, హ్యాండిలు అడ్డముగా చాచిన కఱ్ఱవలె నుండును. వీనిలో పెక్కింటికి ముందుచక్రమును పట్టుకొన్న ఫోర్కులో స్ప్రింగులుండును. వెనుకచక్రమునకు మాత్రము ఏమియు నుండదు. ఇట్టి దానిని హార్డ్‌టెయిల్ అందురు, అనగా బిగిసిన తోక గలది. గుంతలో పడినపుడు ముందుచక్రపు దెబ్బను స్ప్రింగు మ్రింగును. వెనుకచక్రపు దెబ్బ ఇనుపకడ్డీ వెంట సీటుకును, సీటునుండి నేరుగా త్రొక్కువారి నడుమునకును ఎక్కును.

మఱి ఇట్టి బండిని ఎవరు, ఎందులకు చేసిరి? 1970 దశాబ్దమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ అను సీమలో, కొందఱు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళను కొండపైకి గొనిపోయి మట్టిదారుల వెంట దిగుట వినోదముగా జేసికొనిరి. ఆ ఆటనుండి పుట్టినదే కొండసైకిలు. ఇందొక ముఖ్యమైన విషయము గలదు. ఆ యువకులు రాళ్ళమీద దిగునపుడు సీటుపై కూర్చుండరు. తొక్కుళ్ళమీద నిలుచుండి మోకాళ్ళను, మోచేతులను వంచి దెబ్బలను కాళ్ళతో కాచుకొందురు. మన బాలిక వీపున పుస్తకముల సంచి వేసికొని, సీటుమీద చదికిలబడి, నాపరాళ్ళ లారీలు గుంతలు చేసిన దారిలో ఆరు కిలోమీటర్లు పోవుచున్నది. బండి ఒక పనికి పుట్టినది. మనము దానిచే వేరొక పని చేయించుచున్నాము.

మేము వేరొక పనిమీద ఆ ప్రాంతమునకు పోవలసియుండెను గావున ఆ యింటికి వెళ్ళి సైకిలును కన్నులార చూచితిమి. దానిని వసారాలో గోడకు చేరవేసియుంచిరి. బాలికను ఎక్కుమంటిమి. గోడను పట్టుకొని ఎక్కినది! సీటు ఆమె అన్నకు సరిపోవు ఎత్తుననే యున్నది. అతడు ఆమెకంటె జానెడు పొడవు. వెనుకచక్రమును పైకెత్తి పట్టి తొక్కుమంటిమి. తొక్కుడు క్రిందికి పోయిన ప్రతిసారియు కాలు అందక ఆ ప్రక్కకు తుంటి వాలుచున్నది. మరల ఇటు వాలుచున్నది. ఆరు కిలోమీటర్ల దారిలో ఇట్లు వేలమారులు నడుము కుడియెడమలకు ఊగుచున్నదన్నమాట. రాత్రివేళ నొప్పి పుట్టుటలో వింత యేమున్నది?

హ్యాండిలు కథయు అట్టిదే. బండి చట్రము పెద్దది. హ్యాండిలు అందుకొనుటకు ఆ బాలిక వీపును విల్లువలె వంచి ముందుకు సాగవలసి వచ్చుచున్నది. వెన్ను అట్లు వంగి చాలసేపు ఉన్నపుడు వెన్నుపూసలను కట్టియుంచు నరములవంటి పట్టెలును, పూసల నడుమనున్న మెత్తలును ఒకే వైపు లాగబడును. కండరములకు విశ్రాంతి యుండదు. దానికి తోడు కుదుపు. కూర్చున్న మనుష్యుని వెన్ను సెకనుకు నాలుగైదు మారులు వచ్చు కుదుపునకు మిక్కిలిగా అదరునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చెడిన దారిలో మెల్లగా పోవు చక్రము అట్టి కుదుపులనే పుట్టించును.

పిమ్మట టైరును వ్రేలితో నొక్కితిమి. రాయి! గాలి ఎవరు పట్టిరని అడుగగా, సైకిలు షాపులో మిషనుతో పట్టించితిమనియు, గట్టిగా నున్నచో తొక్కుట తేలిక యనియు తండ్రి చెప్పినాడు. నున్నని తారుదారిలో ఆ మాట కొంత నిజమే. గతుకులదారిలో మాత్రము గాలియే మన స్ప్రింగు. ఈ సంగతి సైకిలు చరిత్రలోనే యున్నది. తొలినాటి సైకిళ్ళకు ఇనుపపట్టా వేసిన కొయ్యచక్రము లుండెడివి. ఇంగ్లండులో వానికి ఎముకలు కుదుపు బండి యని పేరు పెట్టిరి. బెల్ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన చిన్నకుమారుని మూడుచక్రముల బండి రాళ్ళదారిలో కుదుపుట చూచి, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టినాడు. 1888లో దానికి హక్కుపత్రము పొందినాడు. ఒక తండ్రి బిడ్డకై కనిపెట్టిన మెత్తదనమును మనము పంపుతో కొట్టి కొట్టి మరల కొయ్యగా చేసికొనుచున్నాము. టైరు ప్రక్కన గాలి ఎంత యుండవలెనో అచ్చువేసియుండును. సాధారణముగా రెండు అంకె లుండును. నలువది కిలోల బాలికకు చిన్న అంకెకు దగ్గఱగా నున్నచో చాలును. అంతకు తగ్గించినచో గుంతలో ట్యూబు నలిగి చిల్లిపడును గావున అదియు కూడదు.

గేరు మాట యడుగగా బాలిక నవ్వినది. తీగ తెగి ఏడాది యయ్యెనట. చైను ఫ్రీవీలులోని మిక్కిలి చిన్న పండ్లచక్రముపై పడి అక్కడనే నిలిచిపోయినది. అది వేగముగా పోవుటకే గాని మిట్ట యెక్కుటకు గాదు. బరువైన తొక్కుడును కాలిబలముతో మాత్రమే త్రొక్కలేక ఆమె ప్రతిసారియు నడుమును బిగించి త్రోయుచున్నది. తొక్కుళ్ళు నిమిషమునకు అరువది డెబ్బది మారులు తేలికగా తిరుగునట్టి గేరులో పోవుటయే నడుమునకు హితము. కొత్త తీగకు అయిన వ్యయము ఒకనాటి కూరగాయల వ్యయమునకు మించలేదు.

ఇక సంచి. జేజి త్రాసు తెప్పించినారు. ఏడు కిలోలు తూగినది. పిల్లల బడిసంచి వారి బరువులో పదవవంతుకు మించరాదని 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన బడిసంచుల విధానమున నున్నది. ఆ లెక్కను ఈమెకు నాలుగు కిలోలే తగును. సంచి వీపుననున్నపుడు ఆ బరువంతయు వంగిన వెన్నుమీద ఎగిరెగిరి పడుచుండును. ఈ గేరు సైకిళ్ళకు క్యారియరు పెట్టక అమ్ముట యొక నాగరికత. ఒక క్యారియరు బిగించి సంచిని దానికి కట్టినచో బండికి బరువు, మనిషికి సుఖము.

మేము సీటు దించుచుండగా జేజి దగ్గఱ కూర్చుండి చూచుచున్నారు. వారిది చేనేత కుటుంబము. "నలభై ఏండ్లు మగ్గం గుంతలో కూచ్చుంటి. నడుము నొయ్యకుంటాదా?" అనిరి. "నొచ్చినపుడు ఏమి చేసితిరమ్మా?" అని యడిగితిమి. "ఏముంది, కూచ్చునే పలక కింద ఇంకో చెక్క పెట్టుకుంటి. మగ్గం ఇడ్సిపెడితే కూడెట్ల?" అని వారే మరల మనుమరాలి సైకిలువంక చూచి ఊరకుండిరి. మేమును ఊరకుంటిమి.

సీటు ఎత్తును ఇంటిలోనే సరిచూచుకొనవచ్చును. ఒకరు సైకిలును నిలిపి పట్టుకొనగా సీటుపై తిన్నగా కూర్చుండి, తొక్కుడు అట్టడుగున నున్నపుడు దానిపై మడమ నుంచవలెను. అప్పుడు మోకాలు సరిగా చాగి, తుంటి వాలకుండవలెను. త్రొక్కునపుడు పాదము ముందుభాగముతో త్రొక్కుదుము గావున మోకాలికి కొంచెము వంపు మిగులును. అదియే తగిన ఎత్తు. సీటు వంపు విషయమున ఒక పరిశోధన గలదు. 1999లో ఇస్రాయేలు వైద్యులు నడుమునొప్పి గల సైకిలు వారికి సీటు ముందుకొనను పది పదునైదు డిగ్రీలు క్రిందికి వంచి చూడగా ఎక్కువమందికి నొప్పి తగ్గినది. మన సీటుల ముందుకొన తఱచుగా పైకి లేచియుండును. అది స్త్రీలకు వేరొక బాధ గూడ కలిగించును, సిగ్గుచే ఎవరును చెప్పుకొనరు. మొదట సమముగా జేసి, తరువాత కొంచెము కొంచెముగా వంచి చూచుకొనుడు. మితిమీరినచో జాఱి బరువంతయు మణికట్టులపై పడును. హ్యాండిలును రెండంగుళములు పైకెత్తుటకు మెకానిక్కునకు పావుగంట చాలును. ఇన్ని చేసినను చట్రము పెద్దదైనచో బండి మార్చుటయే మంచిది.

ఈ సందర్భమున మా అభిప్రాయ మొకటి. రాష్ట్రప్రభుత్వము "బడికొస్తా" అను పథకము క్రింద కొన్నేండ్ల క్రిందట ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచినది. అవి చూచుటకు సాదావి. గేరు లేదు, లావు టైరు లేదు. అయినను హ్యాండిలు ఎత్తుగా దగ్గఱగా నుండి నడుమును నిలువుగా నుంచునట్టి సాదా లేడీస్ సైకిలు బడిదారికి గేరు సైకిలుకంటె మేలని మా నమ్మకము. చూపునకు అందమైన దానిని కొని నడుమును అరగదీసికొనుట యెందులకు?

ఆడవారి దేహమునకు సైకిలు పనికిరాదను మాట మన జేజిది మాత్రమే కాదు. 1890 దశాబ్దమున ఐరోపా, అమెరికా దేశముల వైద్యులు కొందఱు సైకిలు త్రొక్కిన స్త్రీకి ముఖము బిగిసిపోవుననియు, దానికి "సైకిలు ముఖము" అను పేరు పెట్టి జబ్బుగా వ్రాసిరి. ఆ జబ్బు ఎవరికిని రాలేదు. మన పొరుగున తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశాబ్దపు ఆరంభమున అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చిరి. లేడీస్ సైకిళ్ళు చాలక మగవారి సైకిళ్ళే ఎక్కిరి. ముందుకడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని కొందఱు వానినే మెచ్చిరట!

ప్రొద్దుటూరి సోదరి కథ వేఱు. వయస్సు నలువదికి పైన. రక్తములో చక్కెర యున్నదని వైద్యుడు వ్యాయామము చేయుమనగా భర్త మంచి గేరు సైకిలు కొనియిచ్చినాడు. సీటు, హ్యాండిలు, గాలి అన్నియు సరిగానే యున్నవి. అయితే ఇరువది యేండ్లుగా సైకిలు ముట్టని ఆమె మొదటినాడే తెల్లవాఱుజామున పెన్నవంతెన దాటి గంటన్నర త్రొక్కి వచ్చినది. మఱునాడు మంచము దిగలేదు. ఇందు సైకిలు తప్పేమియు లేదు. పొట్టకండరములును, పిఱుదుల కండరములును వెన్నునకు నాలుగు వైపుల త్రాళ్ళు కట్టిన గుడారమువలె అండగా నుండవలెను. ఏండ్ల తరబడి వదులైన త్రాళ్ళు ఒక్కదినములో బిగియవు. మొదటి వారము పావుగంట చాలును. వారమునకు అయిదు నిమిషములు పెంచుకొనిన మూడు నెలలలో గంట దాకా పోవచ్చును. ఇంటిలో చాపపై వెల్లకిల పరుండి, మోకాళ్ళు మడచి, పిఱుదులను పైకెత్తి పది లెక్కించునంతసేపు ఉంచి దించుట ఒక వ్యాయామము. చేతులమీద, మోకాళ్ళమీద వంగి కుడిచేయిని, ఎడమకాలిని ఒకేసారి చాచి నిలుపుట మఱియొకటి. రోజునకు పదేసి మారులు. కాన్పయి కొన్ని నెలలే అయినవారు పొట్టకండరములు కూడుకొను వఱకు వైద్యురాలి నడిగి యెక్కవలెను.

గతుకు వచ్చినపుడు ఆ కొండదారి యువకులు చేసినట్లే చేయవలెను. తొక్కుళ్ళను రెంటిని సమముగా నుంచి, వానిపై బరువు మోపి, సీటునుండి కొంచెము లేచి దాటవలెను. ఇది రెండు దినములలో అలవడును. చీరకొంగును, చున్నీని నడుమున దోపుట మఱువకుడు. వెనుకచక్రమునకు అవి మిక్కిలి ప్రీతి.

పులివెందులనుండి వచ్చిన జాబును ఇట్లే యనుకొని చదువకూడదు. ఆ సోదరియు సైకిలుపై పనికి పోవుచున్నది; ఆమెకును నడుమునొప్పియే. అయితే ఆ నొప్పి ఒక్క ప్రక్కనే, ప్రక్కటెముకల క్రింద పుట్టి, అలలుగా వచ్చి, గజ్జవైపునకు దిగుచున్నదని వ్రాసినది. వాంతియు, చలిజ్వరమును గూడ నున్నవి. వెంటనే ఆసుపత్రికి పొమ్మని ఫోనుమీదనే చెప్పితిమి. మూత్రపిండమున రాయి. మన సీమ యెండలు ఎట్టివో చెప్పనక్కఱలేదు. పనిచోట మఱుగుదొడ్డి లేదని ఆ సోదరి ఉదయమునుండి సాయంత్రము వఱకు నీరు త్రాగుట మానినది. ఇట్టివారు మనలో ఎందఱో! ఆమె సీటును ఎంత దించినను ఆ నొప్పి తగ్గియుండెడిది కాదు.

కావున ఏది సైకిలు నొప్పి, ఏది కాదు అను వివేకము కావలెను. త్రొక్కినపుడు పెరిగి, మానినపుడు తగ్గి, నడుమునకే పరిమితమైన నొప్పి సామాన్యముగా బండిని సరిచేసినచో కొన్ని వారములలో పోవును. నొప్పి మోకాలు దాటి పాదము వఱకు దిగినను, కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, పడిన తరువాత వచ్చినను, జ్వరమున్నను, కారణము లేక చిక్కిపోవుచున్నను వైద్యునికి చూపవలెను. మలమూత్రములు ఆగకున్నను, రాకున్నను, మర్మస్థానము చుట్టును స్పర్శ పోయినను ఒక్క రాత్రియు ఆగరాదు. బాలబాలికలలో నడుమునొప్పి వారములకొలది నిలిచియున్నచో, సైకిలే కారణమని తోచినను, ఒకమారు వైద్యుడు చూచుట మేలు. జమ్మలమడుగు బాలికను గూడ చూపించుమంటిమి. వెన్నున దోషమేమియు లేదని తేలినది.

నొప్పి యనగానే మంచమెక్కించి పదిదినములు కదలనీయకుండుట మన యిండ్లలో వాడుక. ఒకటి రెండు దినములకు మించి పరుండుట కీడే చేయును. మెల్లగా నడచుట మేలు. వేడినీళ్ళ కాపడము హాయి నిచ్చును. నడుమునకు కట్టు బెల్టులు దుకాణములలో విరివిగా అమ్ముచున్నారు. అయితే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పిపై వెలువరించిన సూచనలలో వ్యాయామమును, బోధను మెచ్చి, బెల్టులను, బరువులు కట్టి నడుమును లాగు చికిత్సను వలదన్నది. 2020 సంవత్సరమున ప్రపంచమంతట 61 కోట్ల 90 లక్షల మందికి ఈ నొప్పి యున్నదనియు, అందు స్త్రీలే అధికమనియు ఆ సంస్థయే చెప్పినది. వారిలో సైకిలు ఎక్కినవారికంటె ఎక్కనివారే ఎక్కువమంది యుందురని వేఱుగా చెప్పవలెనా?

ఈ వ్యాసము అచ్చునకు పోవునపుడు జమ్మలమడుగు చేరువ ఆ యింటినుండి మరల జాబు వచ్చినది. ఈసారి వ్రాసినది బాలికయే. మూడు వారములైనది. రాత్రి నొప్పి లేదు. సోమవారము మాత్రము పుస్తకములు ఎక్కువ గావున సాయంకాలమునకు కొంచెము పట్టినట్లుండునట. తండ్రి సైకిలు మాట యెత్తుట లేదు. సైకిలు షాపువాడు మాత్రము గాలి యింత తక్కువ పట్టుటకు ఒప్పుకొనక ప్రతిసారియు తగవులాడుచున్నాడట. చివర నొక వాక్యము: క్యారియరుపై మెత్తని సీటొకటి వేయించినచో జేజిని శనివారము గుడికి తీసికొనిపోవచ్చునా యని జేజియే అడుగుమన్నారట. అమ్మాయీ, ముందుగా ఆ త్రాసుపై జేజిని గూడ నిలిపి, క్యారియరు ఎంత బరువు మోయునో షాపువాని నడిగి మాకు వ్రాయుము.